పాత బడ్జెట్ లాప్‌టాప్ ఇప్పుడే కొనేయాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

#1 సగంచార్జి

అందరికీ నమస్కారం. పది రోజులుగా ఒకటే గుంజాటన. మీరైనా తేల్చండి.

ప్రస్తుతం నా దగ్గరున్నది ఐ3-5005యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ వైరు కాస్త కదిలినా మొత్తం ఆగిపోతుంది. ఎడమ హింజ్ విరిగింది కాబట్టి తెర వెనక లావుపాటి నిఘంటువు ఒకటి నిలబెట్టి నెట్టుకొస్తున్నా. పొద్దున స్విచ్ నొక్కి స్నానం చేసొచ్చినా ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

ఆరు వారాల్లో అకౌంటింగ్ కోర్సు మొదలవుతుంది. వీడియో క్లాసులు, ఎక్సెల్, బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబులు. సెప్టెంబరులో ఆన్‌లైన్ పరీక్ష. కెమెరాతో నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకోవాలట, అది విండోస్‌లో గానీ మ్యాక్‌లో గానీ మాత్రమే నడుస్తుందట. గేములు లేవు, వీడియో ఎడిటింగ్ లేదు.

చూసినవి రెండు. మొదటిది సీలు తీయని కొత్తది, మోడల్ మాత్రం కొన్నేళ్ల కిందటిది: సెలెరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, విండోస్ 11. రెండోది ఏదో ఆఫీసులో వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్. ప్రకటనలో "ఐ5, 8 జీబీ, 256 ఎస్ఎస్‌డీ" అని ఉంది, అంతే. ధర రెండిటికీ దాదాపు ఒకటే.

ఈలోగా మా పెదనాన్న కొడుకు "ఆరు నెలలు ఆగు, కొత్తవి వస్తే పాతవి దిగుతాయి" అంటున్నాడు. ఏం చేయమంటారు?

#2 ఓపికపట్టు

ఆగు తమ్ముడూ. ఎలక్ట్రానిక్స్‌లో తొందరపడ్డవాడే నష్టపోతాడు. కొత్త చిప్ వచ్చాక దాని వెనకటి మోడల్ కొనడం నా పద్ధతి. ఆరు నెలలెంత, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి.

#3 లెక్కలటీచరు

ఆగడం, కొనడం సంగతి తర్వాత. ఆ సీలు తీయనిది మాత్రం వద్దు. మా అబ్బాయికి సరిగ్గా అలాంటిదే కొన్నాను, పెట్టె కొత్తది కదా అని.

మొదటి నెల బాగానే ఉంది. తర్వాత విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చింది, "చోటు చాలదు" అంది. వాడి ఫొటోలు తీసేశాం, డౌన్‌లోడ్లు తీసేశాం, పాఠాల వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి మార్చాం. అయినా చాల్లేదు. చివరికి ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చితే దాన్ని వాడుకుని ఎలాగో ఎక్కింది. ఆర్నెల్లకు మళ్లీ అదే పురాణం.

పోనీ ర్యామ్ అయినా పెంచుదామని కింది మూత విప్పించాను. లోపల సగం ఖాళీ! పక్కన పెద్ద బ్యాటరీ, అరచేయంత బోర్డు. స్లాట్ అన్నదే లేదు. విప్పినతను నా మొహం చూసి మళ్లీ స్క్రూలు బిగించేశాడు.

#4 సగంచార్జి

@ఓపికపట్టు, చెల్లిని అన్నా, తమ్ముణ్ణి కాదు :)

@లెక్కలటీచరు గారూ, థాంక్యూ. నిజం చెప్పాలంటే నా మనసు దానిమీదే ఉంది, వారంటీ ఉంటుంది కదా అని. ఇంకొకరు వాడి వదిలేసింది కొనాలంటే టెన్షన్‌గా ఉంది.

#5 పాతఇనుము

లాప్‌టాప్‌లు విప్పి బిగించడమే నా పని. అందుకని నా చూపు వేరేగా ఉంటుంది: రేపు ఏది మార్చుకోగలం, ఏది మార్చుకోలేం.

ఎన్4020 అంటే రెండు కోర్లు (పని చేసే బుర్రలు), రెండే థ్రెడ్లు (ఒకేసారి సాగే పనులు). 2019 చివర్లో వచ్చిన చిప్. విండోస్ 11 జాబితాలో ఉంది కాబట్టి పెట్టె మీద రాసిందాంట్లో అబద్ధమేమీ లేదు. మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. ఈ లాప్‌టాప్ సరిగ్గా ఆ గీత మీద నిలబడింది. వెంట్రుకవాసి కూడా పైన లేదు. పైగా ఆ 64 జీబీ ఎస్ఎస్‌డీ (చిప్‌లతో చేసిన వేగమైన డ్రైవ్) కాదు, ఈఎంఎంసీ. ఫోన్లలో, మెమరీ కార్డుల్లో ఉండే జాతి. బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. ఈఎంఎంసీ 5.1 దారి వెడల్పే సెకనుకు 400 ఎంబీ. పాత రకం కనెక్షన్ ఉన్న సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా, కొత్త రకం ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీల్లో మామూలుది 3,500 దాకా పోతాయి. వేగం తక్కువైనా సర్దుకుపోవచ్చు. అది పాడైతే బోర్డు మొత్తం పోయినట్టే, అదీ బాధ. వారంటీ ఏడాది. నువ్వు వాడేది ఏడాదేనా?

ఇక రెండోది. "ఐ5" అని మాత్రమే రాస్తే అది సగం ప్రకటన. ఐ5 అన్న పేరు 2009 నుంచీ ఉంది. పక్కన ఉండే నాలుగంకెలు అడుగు. 7200యూ, 7300యూ అయితే ఏడో జనరేషన్, రెండు కోర్లు. 8250యూ, 8350యూ అయితే ఎనిమిదో జనరేషన్, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. సన్న లాప్‌టాప్‌ల్లో వాడే ఐ5కి 2017లో ఒక్క దెబ్బతో కోర్లు రెట్టింపయ్యాయి. పైనుంచి చూస్తే రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. విండోస్ 11 గేటు కూడా అక్కడే ఉంది: ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే లోపలికి రానిస్తారు, ఏడోదాంట్లో వేళ్ల మీద లెక్కపెట్టే మినహాయింపులు తప్ప. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తోనే ఆగిపోయింది కాబట్టి ఈ తేడా ఇప్పుడు చిన్నది కాదు.

నంబరు కనుక్కుని చెప్పు, అప్పుడు మాట్లాడదాం.

#6 ఓపికపట్టు

సరే చెల్లీ, సారీ.

పాతఇనుము గారూ, మీరన్నదాన్ని బట్టే నా మాట గట్టిపడుతోంది. ఎనిమిదో జనరేషన్ అంటే గేటులో చివరి మెట్టు. రేపు విండోస్ తర్వాతి వెర్షన్ వస్తే ముందు బయటికి నెట్టేది దాన్నే. ఏడెనిమిదేళ్ల సరుకు కొనేకన్నా ఆగి కొత్త బడ్జెట్ మోడల్ తీసుకోవడం తెలివి కాదా?

#7 పాతఇనుము

చివరి మెట్టన్నది నిజమే, కాదనను. కానీ "కొత్త బడ్జెట్ మోడల్" అన్న మాటలోనే మోసముంది. చవక లాప్‌టాప్‌ల్లో కొత్త పేరు వస్తుంది, చిప్ పాతదే వస్తుంది. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 7520యూ చూడండి. పేరు ఏడు వేల సిరీస్, వచ్చింది 2022లో. అందులో మూడో అంకె 2 కదా, దానర్థం లోపలున్నది జెన్ 2. అది 2019 నాటి డిజైన్. 7530యూ అయితే జెన్ 3, 7540యూ అయితే జెన్ 4. కంపెనీ పెట్టిన పద్ధతే అది, దాచిందేమీ లేదు, కానీ షాపులో నిలబడి మూడో అంకె చూసేవాళ్లెంతమంది? అన్నట్టు 7520యూకి ర్యామ్ ఎప్పుడూ సోల్డరే. 8 జీబీది కొంటే జన్మంతా 8 జీబీనే.

రెండో విషయం. "ఆగితే తగ్గుతుంది" అన్న పాత లెక్క ఇప్పుడు పనిచేయడం లేదు. మెమరీ చిప్‌లన్నీ ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లిపోతున్నాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో అందరం చూశాం. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. మా బెంచీ మీద పాత లాప్‌టాప్‌ల్లోంచి తీసిన ర్యామ్ కడ్డీలు డబ్బాలో పడి ఉండేవి, అడిగినవాళ్లకి ఊరికే ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ డబ్బాకి తాళం వేశాను.

కొత్త లాప్‌టాప్ ధరలో ర్యామ్, ఎస్ఎస్‌డీ కూడా కలిసే ఉంటాయి. ఆరు నెలల్లో చవకవుతుందని నేనైతే పందెం కాయను.

#8 రాత్రిపూటకోడు

మీరంతా కొనడం గురించే మాట్లాడుతున్నారు. ఉన్నదాని సంగతి ఎవరూ అడగరేం?

అక్కా, నీ 5005యూ స్లో కాదు, నీ హార్డ్ డిస్క్ స్లో. తిరిగే పళ్లెం మీద సూది అటూ ఇటూ పరిగెత్తి విండోస్‌కి కావాల్సిన వేల చిన్న చిన్న ఫైళ్లు ఏరుకొస్తోంది, అందుకే ఆ చుక్కలు. హార్డ్ డిస్క్ తీసి అదే చోట 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టు. స్క్రూడ్రైవరు తిప్పగలిగితే అరగంట పని. తర్వాత విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్, అందులో తేలికపాటి ఎక్స్ఎఫ్‌సీఈ రకం వెయ్యి. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీలో హాయిగా నడుస్తుంది. కొనడం దేనికి?

#9 సగంచార్జి

పరీక్ష సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నడవదు తమ్ముడూ, మొదటి పోస్టులోనే రాశాను.

#10 రాత్రిపూటకోడు

నిజమే, సగమే చదివాను. తిట్టొద్దు.

అయితే ఇంకో దారి. విండోస్ 10నే ఉంచి అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకో. ఇళ్లలో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తున్నారు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్తే నమోదు లింకు కనబడుతుంది, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. నీ పరీక్ష సెప్టెంబరులో కాబట్టి గడువు లోపలే పడుతుంది.

#11 ఓపికపట్టు

చూశారా, ఆగడానికి దారి దొరికింది!

#12 పాతఇనుము

ఎస్ఎస్‌డీ మాటకి నా ఓటు కూడా. రేపు వేరే లాప్‌టాప్ కొన్నా అది వృథా పోదు. చిన్న యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకుంటే బ్యాకప్ డ్రైవ్ అవుతుంది. కానీ రెండు మాటలు.

ఐదో జనరేషన్‌కి వీడియో దగ్గర చిక్కుంది. యూట్యూబ్ లాంటివి ఇప్పుడు వీపీ9, ఏవీ1 అనే కుదింపు పద్ధతుల్లో వీడియో పంపుతాయి. వీపీ9ని పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి ఇంటెల్‌కి ఏడో జనరేషన్‌తో వచ్చింది, ఏవీ1 పదకొండుతో. అంతకు ముందువాటిలో ఆ బరువు చాలావరకు ప్రాసెసరే మోయాలి, అందుకే ఫ్యాన్ రొద. బ్రౌజర్‌లో హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే యూట్యూబ్ పాత హెచ్.264 రకం పంపుతుంది, కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కోర్సు వాళ్ల ప్లేయర్‌లో మాత్రం అది పనిచేస్తుందని చెప్పలేను.

రెండు, బ్యాటరీ లేని, వైరు కదిలితే ఆగిపోయే లాప్‌టాప్‌తో నిఘా పరీక్ష రాయడం. మధ్యలో కరెంటు ఒక్క క్షణం పోయినా చాలు. ఆలోచించుకో తల్లీ.

#13 లెక్కలటీచరు

ఆ తెర కూడా 1366×768 అయి ఉంటుంది. అకౌంటింగ్‌కి ప్రాసెసర్ కన్నా తెర ముఖ్యమని నా అభిప్రాయం. ఎక్సెల్‌లో పైన ఆ మెనూ పట్టీ పోను ఎన్ని వరుసలు కనబడతాయో లెక్కపెట్టి చూడమ్మా. ఫుల్ హెచ్‌డీ తెర మీద కూర్చున్నాక వెనక్కి పోలేవు. అదీ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) అయితే మంచిది. టీఎన్ తెర అయితే కాస్త వంగి చూసినా రంగులు తిరగబడతాయి.

#14 సగంచార్జి

లెక్కపెట్టాను టీచరు గారూ. సరిగ్గా 20 వరుసలు. ఏడుపొచ్చింది.

రేపు ఆ ఐ5 చూడ్డానికి వెళ్తున్నా. ఏమేం చూడాలి? మొహమాటం లేకుండా చెప్పండి, పట్టుకెళ్లి అక్కడే చదువుతా.

#15 పాతఇనుము

వెళ్లగానే ఆన్ చేయకు. ముందు మూత మూసి, మేజా మీద పెట్టి కళ్లెదురుగా వంగి చూడు. నాలుగు మూలలూ సమంగా ఆనుతున్నాయా? మూత సరిగ్గా మూసుకుంటోందా? తర్వాత తెరిచి ట్రాక్‌ప్యాడ్ మీద వేలు పెట్టు. ఒక పక్క పైకి తేలినట్టున్నా, క్లిక్ బిగుసుకుపోయినా కింద బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాల్సిందే. ఉబ్బిన లిథియం బ్యాటరీతో ఆటలొద్దు. నొక్కడం, పొడవడం, ఛార్జింగ్ పెట్టి వదిలేయడం అసలు చేయకూడదు.

ఆన్ చేశాక సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్. ప్రాసెసర్ పూర్తి పేరు అక్కడ ఉంటుంది. స్టిక్కరు నమ్మకు, స్టిక్కర్లు అంటించడం చాలా తేలిక. టీపీఎం (విండోస్ 11కి కావాల్సిన భద్రతా చిప్) సంగతి, విండోస్ 11 అర్హత సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ చెప్పేస్తుంది.

బ్యాటరీకి: కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టు, ఒక ఖాళీ వదులు, స్లాష్ వేసి వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కొట్టు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అన్నది పుట్టినప్పటి బలం, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అన్నది ఇప్పటి బలం. సగానికి దగ్గర పడితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమను. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో యాప్‌ని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ చూడనిది. ఆఫీసు లాప్‌టాప్‌లకు తాళాలుంటాయి. స్టార్ట్ అవుతుండగా ఎఫ్1 గానీ, ఎఫ్2 గానీ, ఎఫ్10 గానీ (బ్రాండును బట్టి) నొక్కి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లు. పాస్‌వర్డ్ అడిగితే లేచి వచ్చేయ్. అడక్కపోతే, విండోస్ రీసెట్ చేయించి, మొదటి సెటప్‌లో నెట్‌కి కలుపు. ఏదైనా కంపెనీ పేరు చూపించి వాళ్ల ఉద్యోగి లాగిన్ అడిగితే ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ లెక్కల్లో ఉన్నట్టు. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా మళ్లీ వస్తుంది. అమ్మేవాడు "రీసెట్‌కి గంట పడుతుంది మేడమ్" అంటే, గంట కూర్చో.

కీబోర్డు ప్రతి అక్షరం, అన్ని పోర్టులు, కెమెరా, మైకు. ఇవి నీకు తెలుసు.

#16 రాత్రిపూటకోడు

ర్యామ్ స్లాట్లు కూడా. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480లో రెండు స్లాట్లుంటాయి. టీ480ఎస్‌లో కొంత ర్యామ్ సోల్డర్, పైన ఒక్క స్లాట్. ఎక్స్280లో మొత్తం సోల్డర్. మూడూ ఒకే ఏడాదివి, ఒకే ఇంటివి. ఒక్క అక్షరం చూడకపోతే అంతే సంగతులు.

ఒకే కడ్డీ 8 జీబీ ఉంటే, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకా మంచిది, తర్వాత జోడు కలపొచ్చు. రెండు కడ్డీలూ కలిసి డ్యూయల్ ఛానెల్ అయితే గ్రాఫిక్స్ కూడా కాస్త పుంజుకుంటుంది.

#17 నిర్వాహకుడు

అమ్మకందార్ల ఫోన్ నంబర్లు, ప్రకటనల లింకులు ఎవరూ ఇక్కడ పెట్టకండి. చర్చ బాగుంది, కొనసాగించండి.

#18 సగంచార్జి

వెళ్లొచ్చాను. మొత్తం రాస్తున్నా, ఓపికగా చదవండి.

లాప్‌టాప్ తళతళా తుడిచి పెట్టారు. అరచేయి ఆనించే చోట "ఐ5" స్టిక్కరు మెరుస్తోంది. పాతఇనుము గారు చెప్పినట్టే ముందు మూత మూసి వంగి చూశా. మూలలు బాగానే ఉన్నాయి. తెరిచి ట్రాక్‌ప్యాడ్ మీద వేలు నడిపా. కుడి పక్క అంచు గోరుకి తగిలింది, ఎడమ పక్క తగల్లేదు. మళ్లీ నడిపా. అంతే. క్లిక్ కూడా కుడివైపు టక్కుమనడం లేదు. "వాడగా వాడగా సర్దుకుంటుంది మేడమ్" అన్నాడాయన.

అబౌట్ తెరిచా. ఐ5-7300యూ.

"ఏడో జనరేషనా?" అంటే "ఐ5 ఐ5నే కదా మేడమ్, విండోస్ 11 కూడా వేసే ఇస్తున్నాం" అన్నాడు. నిజంగానే 11 వేసి ఉంది! హెల్త్ చెక్ యాప్ వేస్తే ప్రాసెసర్ దగ్గర ఎర్ర గుర్తు. ఇదెలా సాధ్యం?

బ్యాటరీ రిపోర్టు తీయనివ్వలేదు, ఏదో వైరస్ కమాండ్ అనుకున్నాడు పాపం. దండం పెట్టి వచ్చేశా.

#19 పాతఇనుము

శభాష్. ఆ గోరు పరీక్ష మా కుర్రాళ్లకి నేర్పడానికి నాకు నెల పట్టింది.

అర్హత తనిఖీని తప్పించి 11 ఎక్కించే దారులున్నాయి, కష్టం కూడా కాదు. కానీ అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఇవ్వమని మైక్రోసాఫ్టే చెప్పింది. సొంత యంత్రం మీద తెలిసి చేసుకుంటే సరదా. కొనేవాళ్లకి చెప్పకుండా చేస్తే ఏమంటారో నువ్వే అనుకో.

#20 ఓపికపట్టు

అందుకే నేను... సరే, ఏమీ అనను.

#21 లెక్కలటీచరు

అనండి, పర్లేదు. మీరు మీ లాప్‌టాప్ కోసం ఎన్నాళ్లుగా ఆగుతున్నారో కూడా చెప్పండి.

#22 ఓపికపట్టు

రెండేళ్ల మూడు నెలలు. ఈ పోస్టు ఫోన్లో టైప్ చేస్తున్నా.

#23 రాత్రిపూటకోడు

😂😂

#24 సగంచార్జి

వారం తర్వాత అప్‌డేట్.

ముందు ఎస్ఎస్‌డీ తెచ్చి పాతదాంట్లో నేనే బిగించా. పన్నెండు స్క్రూలు విప్పి పదకొండు బిగించా, పన్నెండోది ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు. విండోస్ 10 కొత్తగా వేసి, ఆ అదనపు అప్‌డేట్లకు నమోదు చేశా. స్విచ్ నొక్కితే ముప్పై సెకన్లలోపే డెస్క్‌టాప్. మొదటిసారి చూసినప్పుడు ఏదో తప్పు జరిగిందనుకున్నా.

అంతా అయిపోయిందనుకుని కోర్సు వాళ్ల నమూనా క్లాసు తెరిచా. వీడియో, పక్కన ఎక్సెల్, ఆరు ట్యాబులు. ర్యామ్ 93 శాతం. ఫ్యాన్ విమానంలా లేచింది. పాఠం చెప్పేవాళ్ల పెదాలు ఒకచోట, మాట ఒకచోట. పైగా ఆ 20 వరుసలు. ర్యామ్ ఇంకో 4 జీబీ వేద్దామంటే పాత డీడీఆర్3ఎల్ రకం కావాలి, హింజ్, బ్యాటరీ, ఛార్జర్ సాకెట్ కూడా చేయించాలి. అన్నీ కూడితే సెకండ్ హ్యాండ్ ధరలో సగం దాటుతోంది.

@రాత్రిపూటకోడు, నీ మీద కోపం లేదు. ఈ ఎస్ఎస్‌డీ వల్లే కంగారు తగ్గింది. రేపే కొనకపోతే కొంప మునగదు అన్న ధైర్యంతో వెతకడం వేరు.

అలా వెతుకుతుంటే ఇంకొకటి దొరికింది. ఐ5-8350యూ అని ప్రకటనలోనే రాశారు, జనరేషన్ కూడా. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్, 8 జీబీ ఒకే కడ్డీ, ఇంకో స్లాట్ ఖాళీ, 256 జీబీ ఎన్‌వీఎంఈ. గోరు పరీక్ష పాస్. బయోస్ పాస్‌వర్డ్ లేదు. రీసెట్ చేయించి గంటా పది నిమిషాలు కూర్చున్నా. నెట్‌కి కలిపితే ఏ కంపెనీ పేరూ రాలేదు, విండోస్ దానంతటదే యాక్టివేట్ అయింది.

ఎస్ఎస్‌డీ 11,400 గంటలు నడిచింది, ఆరోగ్యం 91 శాతం. బ్యాటరీ మాత్రం డిజైన్ 48,000, ఇప్పుడు 27,600. అంటే 57.5 శాతం. ఆ కాగితం చూపించి తగ్గించమన్నా. ఒప్పుకున్నారు, బ్యాటరీ ఖర్చులో ఓ మూడొంతులు. ఇంకా డబ్బు కట్టలేదు, రేపటి దాకా టైమ్ అడిగా. కట్టమంటారా?

#25 పాతఇనుము

11,400 గంటలంటే రాత్రింబగళ్లు లెక్కేస్తే 475 రోజులు. ఆఫీసు యంత్రానికి అది మామూలే. 91 ఉంది కదా, భయం లేదు. కొన్నాక ఫ్యాన్ దుమ్ము దులిపించి, ప్రాసెసర్ వేడి బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్పించు. ఇన్నేళ్లకి అది ఎండి సుద్దలా అయిపోయి ఉంటుంది.

ఓపికపట్టు గారి మాట కూడా ఒకటి గుర్తుంచుకో: ఇది విండోస్ 11లో చివరి మెట్టు. మూడు నాలుగేళ్లు నడిస్తే చాలనుకుని కట్టు, పదేళ్లు అనుకుని కట్టకు. ఆ తర్వాత మింట్ వేసుకోవచ్చు, అప్పటికి నీకు నిఘా పరీక్షలూ ఉండవు.

నేనైతే కట్టేస్తా.

#26 లెక్కలటీచరు

కట్టేయమ్మా. కోర్సు మొదలయ్యేలోగా చేయి అలవాటు పడాలి కదా.

#27 సగంచార్జి

ఇది కొత్తదాని మీంచే రాస్తున్నా. కొత్తదంటే, నాకు కొత్తది. ఎడమ షిఫ్ట్ మీద ఎవరిదో వేలు ఏళ్ల తరబడి ఆని నున్నగా అరిగిపోయింది. ఎవరో చాలా కష్టపడ్డారు పాపం.

ఎక్సెల్‌లో 37 వరుసలు టీచరు గారూ!

పాతది మా తమ్ముడు తీసుకున్నాడు, నిఘంటువుతో సహా. వాడికి పరీక్షలేం లేవు కాబట్టి మింట్ వేసి ఇచ్చా. @రాత్రిపూటకోడు, నీ మొక్కు తీరింది.

#28 ఓపికపట్టు

అభినందనలు చెల్లీ. ఒక మాట అడుగుతా, నవ్వకూడదు.

ఆ మొదటి 7300యూ ఇంకా అక్కడే ఉందంటావా? నాన్నగారికి వార్తలు చదవడానికి, నాకు ఉత్తరాలు టైప్ చేసుకోవడానికి చాలు. విండోస్ ఎలాగూ వద్దు, లినక్స్ వేసుకుంటా.

#29 సగంచార్జి

నిన్న చూశా అన్నా, ఉంది. ధర కూడా కాస్త దిగింది. ముందు వాళ్ల చేతే ఆ బ్యాటరీ తీయించి, అది లేకుండా ఇంటికి తెచ్చుకో.